కుట్టని చోటు

రామక్క కుట్టిన బొంతను చింపాలంటే కత్తి కావాలి, చేతులతో అయ్యే పని కాదు. మా హాస్టల్ పిల్లలు ఒకసారి పందెం వేసుకుని, సగం మంది అటూ సగం మంది ఇటూ పట్టి లాగి, ఆఖరికి అందరూ వెల్లకిలా పడ్డారు. బొంత చెక్కుచెదరలేదు. ఈ సంగతి నాకెలా తెలుసంటే, ఆ పిల్లల చేత గుంజీలు తీయించింది నేనే.

ములకలపల్లి మండలంలో పామాయిల్ తోటలు ఆగిపోయి టేకుచెట్లు మొదలయ్యే చోట మా గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల ఉంది. నేనక్కడ జీవశాస్త్రం చెబుతాను. మాది సత్తుపల్లి వైపు. మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి భూముల కోసం వచ్చి అక్కడే ఉండిపోయారు. అందుకని నా యాస విని పిల్లలు మొదట్లో కిసుక్కున నవ్వేవాళ్ళు. ఇప్పుడు నవ్వరు, నా కోపం ఎలాంటిదో వాళ్ళకు తెలిసొచ్చింది.

రామక్క ఇల్లు మా స్కూలు ప్రహరీకి అవతలే. ఎండల్లో బీడీలకు తునికాకు కోస్తుంది, ఇప్పపూల కాలంలో పొద్దున్నే అడవికి పోయి పూలు ఏరుకొస్తుంది, మిగతా ఏడాదంతా బొంతలు కుడుతుంది. పాత చీరలు పొర మీద పొర పరిచి, మధ్యలో కూర్చుని, నాలుగు దిక్కులకూ జరుగుతూ కుట్టుకుంటూ పోతుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, సుజాత. రామక్క మనిషి సన్నం, మాట కటువు, నవ్వు అరుదు. నాకూ ఆమెకూ అందుకే కుదిరిందేమో.

ఆమెకొక నియమం ఉంది. నాలుగంచులూ మూసి, చివరి ముడి వేసి, దారం పళ్ళతో తెంపితే తప్ప ఏ బొంతా ఆమె ఒడిలోంచి దిగదు. తొందరగా కావాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒకటే జవాబు.

“నోరు తెరిచిన బొంతల చలి దూరతది. నా చేతి మీద గసుంటిది బయటికి పోదు. జల్దీ కావాలంటే దుకానంల రగ్గు కొనుక్కోపో.”

అలాంటి మనిషి చేత గర్భసంచి బొమ్మ కుట్టించాలన్న బుద్ధి నాకు పుట్టడానికి కారణం వాన. తరగతి గది కప్పు కారి, గోడకున్న చార్టు తడిసి ముద్దయింది. నిజం చెప్పాలంటే ఆ చార్టు మీద నాకు ముందునుంచీ మంటే. దాన్ని విప్పగానే పిల్లలు తలలు వంచుకుని, ఒకరి వీపు వెనక ఒకరు దాక్కునేవాళ్ళు. తమ ఒంట్లో ఉన్నదాన్ని చూడ్డానికి సిగ్గు. చేత్తో పట్టుకుని, తిప్పి చూసుకునేది ఏదైనా ఉంటే ఆ సిగ్గు పోతుందేమో అనిపించింది. ఒక కాగితం మీద బొమ్మ గీసుకుని రామక్క ఇంటికి వెళ్ళాను.

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

“ఏంది మేడమ్ ఇది, మేక తలకాయా?”

చూస్తే నిజంగానే అలా ఉంది. కిందికి సన్నగా మూతి, పైన రెండు పక్కలా కొమ్ములు. ఇన్నేళ్ళుగా గీస్తున్నాను, నాకెప్పుడూ తోచలేదు.

“మేక తల కాదు, గర్భసంచి. నీ కడుపులో ఉన్నదీ ఇదే, నా కడుపులో ఉన్నదీ ఇదే” అన్నాను.

ఆమె మళ్ళీ కాగితం వైపు చూసింది, తర్వాత తన చీర కుచ్చిళ్ళ వైపు చూసుకుంది. సరే, వారం పోయాక రమ్మంది.

వెళ్ళేసరికి నట్టింట్లో నీళ్ళబిందెంత గుడ్డసంచి కూర్చుని ఉంది. బూరుగుదూది కూరి, బిగించి, చుట్టూ కుట్టేసింది. నాకు నవ్వాగలేదు.

“ఇంత ఉండదు రామక్కా. జామకాయంత ఉంటుంది, అంతే. తలకిందులుగా పెట్టిన జామకాయ.”

“జామకాయంతనా?” నా మొహంలో హాస్యం వెతికింది. “గందుల పిల్ల ఎట్ల పడతది?”

“పిల్లతో పాటే అదీ పెరుగుతుంది. నెలలు నిండేసరికి డొక్కలదాకా వస్తుంది. కాన్పయ్యాక మళ్ళీ కొన్ని వారాల్లో జామకాయంత అయిపోతుంది.”

రామక్క పిడికిలి బిగించి, దాన్ని బొడ్డు కింద ఆనించుకుంది. “సుజాత గింతల ఉన్నదా” అని తనలో తను అనుకుంది. ఆ మాట విన్నాక నా నవ్వు పోయింది. నేను పాఠాలు చెబుతూ చెబుతూ ఆశ్చర్యపోవడం మర్చిపోయిన మనిషిని. ఆమె పిడికిలి చూశాక నాకూ ఒళ్ళు ఝల్లుమంది.

తరగతిలో అందరికీ కనబడాలి కాబట్టి అసలు కంటే పెద్దదిగా, గుమ్మడికాయంత కుట్టాలని ఒప్పందం చేసుకున్నాం. ఇక మొదలైంది ఆమె ప్రశ్నల వాన. ఏ పొరకు ఏ గుడ్డ? పొరలెన్ని? దారం ఎటు నడవాలి? స్కూలు వదలగానే నేను నేరుగా ఆమె అరుగు మీదికి చేరేదాన్ని. మధ్య పొర బాగా మందం, కండ. అందులో పోగులు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి, కాన్పు నొప్పుల్లో బిడ్డను కిందికి నెట్టేది అవే అని చెప్పాను. “నా బొంతల లెక్కనే” అంది. అది మాత్రం ఆమెకు వింతగా అనిపించలేదు. గట్టిగా ఉండాల్సింది గట్లనే ఉంటది కదా అన్నట్టు చూసింది.

ఆమె ఆగిపోయింది లోపలి పొర దగ్గర. నెలనెలా అది మెత్తగా, మందంగా తయారవుతుందనీ, గర్భం రాకపోతే విడిపోయి రక్తంతో పాటు బయటికి పోతుందనీ, మళ్ళీ కొత్త పొర మొదలవుతుందనీ చెప్పాను. పిల్లలకు ఏటా చెప్పే మాటే.

రామక్క సూది గుడ్డలోనే వదిలేసింది. “అంటే మేడమ్, ఎవలన్న వస్తరేమోనని నెలనెలా బొంత పరుస్తదా?”

“అవును.”

“ఎవలు రాకపోతే తీసేసి, మల్ల కొత్తది పరుస్తదా?”

“అవును.”

“నేను ముట్టు అంటే మైల అనుకున్న ఇన్నేండ్లు” అంది. ఆ పూట ఇంక కుట్టలేదు. మర్నాడు చూస్తే లోపలి పొరకు తన పెళ్ళినాటి ఎర్రచీర ముక్క వేసి ఉంది. ఇంట్లో ఉన్న బట్టలన్నిట్లో అదే మెత్తనిదట.

లోపల దూది పెట్టొద్దని చెప్పడానికి మాత్రం ఇంకో యుద్ధం అయింది. సంచి అన్నాక లోపల చోటు ఉండాలి కదా, దూది లేకపోతే మూసుకుపోదా అని ఆమె పట్టు. ఖాళీ ఉండదు, ముందు గోడా వెనక గోడా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, వచ్చినవాళ్ళే చోటు చేసుకుంటారు అన్నాను. ఒప్పుకుంది కానీ చాలాసేపు దాని మూతిలో వేలు పెట్టి తడిమి చూసుకుంది.

తర్వాత ట్యూబులు. అసలువి మధ్యవేలు కంటే కాస్త పొడవు, లోపలి దారి ఒకచోట సూదిబెజ్జమంత సన్నం. వాటి కొసలకు కుచ్చులుంటాయంటే ఎవరో ఇచ్చిన పాత పట్టుచీర చెంగు కత్తిరించి, కుచ్చులు వేలాడదీసింది. అండాశయాలు ఇప్పగింజలోని పలుకంత ఉంటాయంటే తెల్లగుడ్డతో పెద్ద పెద్ద ఇప్ప పలుకులు కుట్టి, వాటిలో గుప్పెడేసి ఆవాలు పోసింది. ఆవగింజ ఎందుకంటే, అండం ఎంత ఉంటుందని ఆమె అడిగితే, సూదిమొనతో గుచ్చిన చుక్కంత అన్నాను. అంత చిన్న గింజ వంటింట్లో దొరకదు, ఆవాలే దిక్కు.

“ఈ గింజలు ఎప్పుడు తయారైతయి మేడమ్? పెద్దమనిషి అయినంకనా?”

“కాదు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారైపోతాయి. పుట్టేటప్పటికే అన్నీ ఉంటాయి. తర్వాత పెరిగేవే కానీ కొత్తగా వచ్చేవి లేవంటారు.”

రామక్క ఆవాలున్న ఆ గుడ్డను అరచేతిలో పెట్టుకుని లెక్క కట్టుకుంటున్నట్టు కాసేపు పెదవులు కదిపింది. “అయితే సుజాత నా కడుపుల ఉన్ననాడే, దాని పిల్లల గింజలు సుత నా కడుపులనే ఉన్నయన్నట్టు.”

అవునన్నాను. ఆమె కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. నాకు అర్థం కాలేదు. ఆనందం అనుకున్నాను.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. అండాశయానికీ ట్యూబు కుచ్చులకూ మధ్య సందు ఉండాలి. ఆ రెండూ అతుక్కుని ఉండవు. గింజ విడుదలైనప్పుడు కుచ్చులు దాన్ని అందుకుని లోపలికి తీసుకుంటాయి. బొమ్మలో కూడా అలాగే వదిలేయమన్నాను. తల ఊపింది. వచ్చి చూస్తే కుచ్చులన్నీ అండాశయం చుట్టూ తిప్పి, దగ్గర దగ్గరగా కుట్టేసి ఉంది. విప్పమన్నాను. మొహం మాడ్చుకుని విప్పింది. మర్నాడు చూస్తే మళ్ళీ కుట్టి ఉంది, ఈసారి రెండు వరసలు.

“నీకు చెప్పేది చెవికెక్కదా రామక్కా?” అని అరిచాను. నా గొంతు స్కూల్లోకి వినబడి ఉంటుంది.

“నడుమ కుట్టు లేకపోతే గింజ జారి పడిపోదా? ఇంత పనితనం చేసినోడు ఈడ కుట్టు మరుస్తడా?” ఆమె గొంతూ తక్కువేం కాదు. “కుట్టు వదులుంటే ఏమైతదో నాకెర్క మేడమ్. మా సుజాత బతుకు గందుకే గట్లయింది.”

సూది కోసం సోదికి వెళితే పాతవన్నీ బయటపడ్డట్టు, బొమ్మ కోసం వెళితే ఆ సంగతి బయటపడింది. సుజాత పుట్టింట్లోనే ఉంటోందని చూస్తూనే ఉన్నాను, ఎందుకని అడగలేదు.

సుజాత భర్త వీరబాబు సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని దగ్గర కాంట్రాక్టు లారీ నడుపుతాడు. పెళ్ళయిన మరుసటేడు సుజాత నెల తప్పింది. అందరూ సంతోషంగా ఉండగానే ఒకరోజు కడుపునొప్పితో కూలబడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళితే, గర్భం సంచిలోకి రాకుండా ఎడమ ట్యూబులోనే నిలిచి, చోటు చాలక ట్యూబు పగిలిందని చెప్పారు. ప్రాణం దక్కాలంటే ఆ ట్యూబు తీసేయక తప్పలేదు. ఆ గాయం మానిందనుకునేలోగా గోరుచుట్టు మీద రోకటిపోటులా కుడి అండాశయంలో నీటిగడ్డ పెరిగి, మెలిపడింది. మళ్ళీ ఆపరేషన్, ఈసారి కుడి అండాశయం పోయింది.

ఎడమ పక్క గింజలున్నాయి, దారి లేదు. కుడి పక్క దారి ఉంది, గింజలు లేవు. ఎవరూ విడమర్చి చెప్పకపోయినా సుజాత తనే లెక్క వేసుకుంది. నేనూ ఆ లెక్కే వేశాను. బోర్డు మీద ఎన్నోసార్లు గీసిన బొమ్మను మనసులో గీసుకుని, ఒకటి ఇక్కడ కొట్టేసి, ఒకటి అక్కడ కొట్టేసి చూశాను. ఏమీ మిగల్లేదు. ఆవేళ లేచి వచ్చేశాను.

సుజాత భర్తతో ఒకే మాట చెప్పి పుట్టింటికి వచ్చిందట. “నా లోపల ఏం లేదు. నువ్వు ఇంకొకామెను చేసుకో.” వీరబాబు చేసుకోలేదు. పోట్లాడనూ లేదు. సెలవు దొరికినప్పుడల్లా మోటారుసైకిల్ మీద పాత చీరల మూట కట్టుకుని వచ్చేవాడు. మా వీధిలో వాళ్ళు బొంత కుట్టమన్నారత్తా, మా దోస్తు వాళ్ళమ్మ కుట్టమన్నదత్తా అంటూ మూట దించి, అరుగు మీద కూర్చుని, సుజాత బయటికి వస్తుందేమోనని ఎదురుచూసి, చీకటిపడకముందే వెళ్ళిపోయేవాడు. ఆమె తలుపు చాటు నుంచి కదిలేది కాదు. రామక్క ఇల్లంతా చీరల మూటలే. ఆ వీధిలో అంత చలి ఎవరికుందో దేవుడికే తెలియాలి.

బొమ్మను నేను అలాగే తెచ్చేసుకున్నాను, కుట్టుతో సహా. పంతం పోయింది నాకు. ఆ నెలలోనే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దీపిక పిల్లలకు నాలుగు మాటలు చెప్పడానికి వచ్చింది. ఖమ్మం అమ్మాయి, చిన్న వయసు, హుషారు మనిషి. బొమ్మ చూడగానే రెండు చేతులా ఎత్తుకుంది. అప్పటికే పిల్లలు దాన్ని ఒడిలో పెట్టుకుని, ఎర్రపొర తీసి పెట్టి తీసి పెట్టి ఆడుకున్నారు. ఒక్కరూ తల వంచుకోలేదు. రామక్క కూడా తన పనితనం చూసుకోవడానికి వచ్చి వెనక గుమ్మం దగ్గర నిలబడింది.

దీపిక ట్యూబుల దగ్గరికి వచ్చి ఆగింది. కుచ్చుల్ని పట్టి లాగింది. ఇంకా గట్టిగా లాగింది.

“ఇదెవరు కుట్టారండీ, ఊడి రావడం లేదు” అంది. పిల్లలు గొల్లున నవ్వారు. వాళ్ళకు ఆ అనుభవం ఉంది.

“ఇక్కడ కుట్టకూడదు. ఇది వదులుగా ఉండాలి, అప్పుడే కదులుతుంది” అని, కుట్టు ఉన్నంతలోనే రెండు ట్యూబుల్నీ పట్టుకుని సంచి వెనక్కి వంచింది. “మనం బోర్డు మీద గీస్తాం చూడండి, చేతులు చాపుకుని నిలబడ్డట్టు, అలా ఉండవు. ఇలా వెనక్కి వాలి ఉంటాయి. అండాశయాలు కూడా ఇక్కడే, వెనక పల్లంలో, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ కుచ్చులు గింజ కోసం వెతుకుతాయి. ఒక్కోసారి ఎడమ పక్క గింజను కుడి పక్క ట్యూబు అందుకుంటుంది.”

నేను మనసులో గీసుకుని కొట్టేసిన బొమ్మ మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

గుమ్మం దగ్గరి నుంచి రామక్క గొంతు వినబడింది. “ఇంకోపారి చెప్పు బిడ్డా.”

దీపిక మళ్ళీ చెప్పింది. రామక్క పిల్లల మధ్యలోంచి నడిచి ముందుకొచ్చింది. “ఎడమ పక్క ట్యూబు లేదనుకో. కుడి పక్క గింజ లేదనుకో. అప్పుడు సుత అందుకుంటదా?”

డాక్టరు ఒకసారి నా వైపు చూసి, జాగ్రత్తగా మాట్లాడింది. “అందుకున్న వాళ్ళున్నారమ్మా. అందరికీ అవుతుందని చెప్పను. కష్టమే. కానీ దారి మూసుకుపోలేదు.”

సుజాతను ఆ సాయంత్రమే పిలిపించి దీపికతో మాట్లాడించాం. దీపిక ఆశతో పాటు భయం కూడా దాచకుండా చెప్పింది. ఒకసారి ట్యూబులో గర్భం నిలిచినవాళ్ళకు మళ్ళీ అలాగే నిలిచే ప్రమాదం ఉంటుంది. ఉన్నది ఒక్క ట్యూబు. నెల తప్పిందని అనుమానం రాగానే స్కాన్ చేయించాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. సుజాత అన్నీ విని, “నాకు నమ్మకం లేదు మేడమ్” అని నాతో అంది.

ఆ రాత్రి ఏం జరిగిందో నాకు తెలియదు. పొద్దున నేను వెళ్ళేసరికి, నా దగ్గర అడిగి తీసుకెళ్ళిన బొమ్మ రామక్క ఒడిలో ఉంది. ఎదురుగా సుజాత. రామక్క బ్లేడుతో తన కుట్టు తనే విప్పుతోంది. ఆమె తన కుట్టు విప్పడం నేను అంతకుముందు చూసింది నా తిట్లు తిన్నప్పుడే. అప్పుడు మొహం మాడిపోయి ఉంది. ఇప్పుడు ముల్లు తీస్తున్నంత మెల్లగా ఒక్కో పోగూ లాగుతోంది. ఎడమ ట్యూబు కత్తిరించేసింది. కుడి అండాశయం కత్తిరించేసింది. మిగిలిన ట్యూబును వెనక్కి వంచి, దాని కుచ్చుల్ని మిగిలిన అండాశయం మీద పరిచింది. అవి దాన్ని కప్పేశాయి.

“సూడు” అంది కూతురితో. “నేను కుట్టిన తీరుగ నీకు కుట్టి ఉంటే, నిజంగనే ఏం లేకుండ పోతుండె. కుట్టకుండ ఇడిసిపెట్టినోడు నా కంటే పనిమంతుడు.”

సుజాత ఆ కుచ్చుల్ని వేలితో తాకింది. ఎత్తి, మళ్ళీ పరిచింది. ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను, గట్టిగా, చిన్నపిల్లలా. రామక్క ఓదార్చలేదు, ఏడవనిచ్చింది.

తర్వాతి సెలవురోజు వీరబాబు మామూలుగానే మూటతో వచ్చాడు. సుజాత తలుపు దగ్గరికి వచ్చి, “ఇన్ని చీరలు ఎవలియి?” అని అడిగింది. అతను తడబడిపోయి, సగం నేనే కొన్న అన్నాడు. మూట విప్పితే వాటిలో కొత్తవి కూడా ఉన్నాయి. రామక్క అల్లుడిని తిట్టిపోసింది, కొత్తచీరలు బొంతకు పనికిరావట, కట్టుకోవడానికే పనికొస్తాయట. సుజాత వాటిలో ఒకటి కట్టుకుని అతనితో వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా నెలలు ఏ కబురూ లేదు. రామక్క అడగదు, నేనూ అడగను. ఇద్దరం అరుగు మీద కూర్చుని పామాయిల్ ధరల గురించీ హాస్టల్ కూరల గురించీ మాట్లాడుకునేవాళ్ళం. నెలనెలా బొంత పరుచుకుంటుందన్న మాట ఇద్దరికీ గుర్తుందని ఇద్దరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆమె తరగతి గది కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. పాఠం మధ్యలో వస్తే నేను ఊరుకోనని ఆమెకు తెలుసు. అయినా వచ్చింది.

“మేడమ్, సుజాత నెల తప్పింది. రేపు భద్రాచలం పోవాలె. నువ్వు రావాలె.”

ఆమె మొహంలో సంతోషం లేదు, భయం ఉంది. నాకూ అంతే. నెల తప్పిందంటే గింజ దాటిందన్నమాట. కానీ దాటి ఎక్కడ ఆగింది? సంచిలోకి చేరిందా, ఉన్న ఆ ఒక్క ట్యూబులోనే ఇరుక్కుందా? ఇరుక్కుంటే ఈసారి ఆ ట్యూబు కూడా పోతుంది, ఇక దారే ఉండదు. పోయేది ట్యూబుతో ఆగితే అదృష్టమే.

స్కాన్ సెంటరులో వీరబాబును బయట కూర్చోబెట్టి మమ్మల్నిద్దరినీ లోపలికి రానిచ్చారు. స్కాన్ తీసే డాక్టరు పెద్దావిడ, మాట తక్కువ. పాత ఆపరేషన్ల సంగతి వింది. ఇక తెర వైపే చూస్తూ ఉండిపోయింది. సుజాత కళ్ళు మూసుకుంది. రామక్క చేతిలో దారం లేదు కానీ వేళ్ళు కుడుతున్నట్టే కదులుతున్నాయి. నాకు ఆ తెర మీద బూడిదరంగు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. ఇంతకాలం పాఠం చెప్పిన నేను అక్కడ ఏది ఏమిటో పోల్చుకోలేక నిలబడ్డాను.

“సంచిలోనే ఉంది” అందావిడ.

మాకు వినబడలేదనుకుందేమో, మళ్ళీ చెప్పింది. “గర్భసంచిలోనే ఉందమ్మా, ఉండాల్సిన చోటే. ఇదిగో, ఈ మినుకుమినుకుమనేది గుండె.”

తెర మీద ఆ మబ్బు మధ్య ఒక చిన్న చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంది. నేను జీవితంలో చూసినవాటిలో అంత చిన్నదీ లేదు, అంత పెద్దదీ లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. డాక్టరు పరికరాన్ని కాస్త పక్కకు తిప్పి, ఇంకో చోట గుండ్రటి మచ్చ చూపించింది.

“ఇది ఎడమ అండాశయం. గింజ బయటికి వచ్చిన గుర్తు ఇక్కడుంది. ఈ పక్క ట్యూబు తీసేశారన్నారు కదా?”

“అవ్” అంది రామక్క.

“అయితే అటు నుంచి ఇటు దాటింది. కుడి ట్యూబు అందుకుంది.” రోజూ ఎన్నో స్కాన్లు తీసే ఆ పెద్దావిడ కూడా తెర వైపు ఇంకాసేపు చూసింది.

తిరుగు ప్రయాణంలో బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కింది. సుజాత భర్త భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. రామక్క కిటికీలోంచి నీళ్ళు చూస్తూ అడిగింది.

“కండ్లు లేవు, కాళ్ళు లేవు. సూదిమొనంత లేదు. ఎట్ల దాటింది మేడమ్?”

కుచ్చుల గురించి, వాటి కదలిక గురించి చెప్పబోయి ఆగిపోయాను. అవన్నీ ఆమెకు తెలుసు. ఆమె అడిగింది అది కాదు.

“నాకు తెలియదు రామక్కా” అన్నాను.

“గంతే” అంది ఆమె. ఆ జవాబు ఆమెకు నచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. కాన్పు తర్వాత సుజాత కొన్నాళ్ళు తల్లి దగ్గరే ఉంది. వీరబాబు ఇప్పుడు మూటలు తేవడం లేదు, నేరుగా లోపలికే వస్తున్నాడు. పాతబొమ్మను రామక్క కత్తిరించేసింది కాబట్టి మా స్కూలుకు కొత్తది కావాలి. కుట్టమని అడిగాను. కుట్టి ఉంచాను, వచ్చి తీసుకుపొమ్మని కబురు పెట్టింది.

వెళ్ళేసరికి ఒక కాలు చాపి మనవరాలిని దాని మీద పడుకోబెట్టుకుంది. రెండో మోకాలి మీద బొమ్మ. నేను అలవాటుగా ప్రతి కుట్టూ లాగి చూశాను. మూతి గట్టిగా ఉంది, గోడలు గట్టిగా ఉన్నాయి, ఎర్రపొర ఎప్పటిలాగే మెత్తగా ఉంది. కొసల దగ్గరికి వచ్చేసరికి పట్టుకుచ్చులు వదులుగా గాలికి ఊగుతున్నాయి. అంచు తెరిచి ఉన్న పని ఆమె చేతి మీదుగా బయటికి రావడం నేనెరిగినంతలో అదే మొదలు.

“ఈడ కుట్టలే” అంది, నేను అడక్కముందే.

బొమ్మ తీసుకుందామని వంగాను. అప్పటికే ఆ పసిది వేలాడుతున్న కుచ్చుల్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఒక్కో వేలూ విడిపించబోతుంటే రామక్క నా చెయ్యి ఆపింది.

“పట్టుకోనీ మేడమ్. అప్పుడు ఆ కుచ్చులే దీన్ని పట్టుకున్నయి.”